1971: డిసెంబరు 3కు ముందు ఎనిమిది నెలలు

సంపాదకుడు గారికి,

ఏటా నేవీ డే దగ్గరపడగానే 1971 యుద్ధం మీద రెండు మాటలు తిరుగుతుంటాయి. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేసింది కాబట్టే యుద్ధంలోకి దిగామనేది ఒకటి. ఇందిరాగాంధీకి కోపమొచ్చి పాకిస్తాన్‌ను రెండు ముక్కలు చేశారనేది ఇంకోటి. రెండూ పిల్లలకు తప్పు చరిత్ర నేర్పుతున్నాయి.

మార్చి 25 రాత్రి అప్పటి తూర్పు పాకిస్తాన్ (తూర్పు బెంగాల్, నేటి బంగ్లాదేశ్)లోని ఢాకాలో పాక్ సైన్యం ఊచకోత మొదలుపెట్టింది. ఆ తర్వాత కొన్ని నెలల్లోనే కోటి మంది దాకా సరిహద్దు దాటి మన దగ్గరికి వచ్చారు. చిన్న రాష్ట్రమైన త్రిపురలో స్థానికులు ఎంతమందో శరణార్థులూ దాదాపు అంతమంది అయ్యారు. శిబిరాల్లో కలరా ప్రబలింది. నవంబరు నుంచి దేశమంతా ఉత్తరాల మీద 5 పైసల శరణార్థి సహాయ స్టాంపు అదనంగా అంటించాల్సి వచ్చింది. పెద్దవాళ్లలో చాలామందికి అది గుర్తుండే ఉంటుంది.

అంత భారం మీద పడుతున్నా ప్రభుత్వం వెంటనే యుద్ధానికి దిగలేదు. వానాకాలంలో తూర్పు బెంగాల్ నదులు దాటడం కష్టమని, సైన్యానికి సమయం కావాలని అప్పటి సైన్యాధిపతి జనరల్ మానెక్‌షా పట్టుబట్టారు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం కుదిరింది. నవంబరు మొదట్లో ఇందిర వాషింగ్టన్ వెళ్లి అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ను కలిశారు. ఫలితం లేకపోయింది. ఈలోగా పాక్ సైన్యంతో పోరాడుతున్న బెంగాలీల ముక్తి వాహినికి శిక్షణ, ఆయుధాలు ఇచ్చింది మనమే. ఈ సంగతి దాచాల్సిన పనేమీ లేదు. నవంబరు 22న తూర్పు పాకిస్తాన్ సరిహద్దులోని బోయ్రా దగ్గర ఆకాశంలో మన నాట్ విమానాలు పాక్ సేబర్ విమానాలతో తలపడ్డాయి. మా విశాఖ తీరంలో మునిగిన పాక్ జలాంతర్గామి ఘాజీ కూడా కరాచీ నుంచి నవంబరు మధ్యలోనే బయల్దేరింది. అంటే డిసెంబరు 3కు ముందే రెండు దేశాలూ యుద్ధానికి సిద్ధమైపోయాయి. శరణార్థులు తిరిగి వెళ్లడానికి వేరే దారులన్నీ మూసుకుపోవడమే దీనికి అసలు కారణమని నా నమ్మకం.

ఇలా చెబితే మన సైనికుల త్యాగానికి వచ్చే లోటేమీ లేదు. సరిహద్దులో ఏదైనా జరిగిన రాత్రే టీవీల్లో "ఇక యుద్ధమే" అని అరుస్తున్నారు. ఆ అరుపులు విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. దెబ్బ తగిలిన మర్నాడే దేశాలు యుద్ధానికి దిగుతాయని మన పిల్లలు నమ్ముతున్నారు.

మీ పత్రిక డిసెంబరు ప్రత్యేక పేజీల్లో ట్యాంకులు, ఓడల ఫొటోలతో పాటు ఆ ఎనిమిది నెలల కథ కూడా వేయాలని కోరుతున్నాను. అప్పుడు శిబిరాల్లో పనిచేసిన డాక్టర్లు, నర్సులు, వాలంటీర్లలో ఇంకా మన మధ్య ఉన్నవాళ్ల జ్ఞాపకాలను దయచేసి ఈ ఏడాదే సేకరించండి.

- ఒక పాఠకుడు, విశాఖపట్నం