ఏ కూర్పును చూసి అచ్చేశారో చెప్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఈ మధ్య వరసగా చదివి ముగించిన మూడు పుస్తకాలు ఈ ఉత్తరానికి కారణం: గురజాడ 'కన్యాశుల్కం', ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి', శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథల సంపుటం. మూడూ కొత్త అచ్చులే, మూడు చోట్ల నుంచి వచ్చినవి. మూడింటినీ అచ్చులో పాడు చేశారు. ప్రచురణకర్తల పేర్లు రాయడం లేదు. ఇది ఒకరిద్దరి జబ్బు కాదు.

పాత పుస్తకాలు ఇంత జోరుగా ఎందుకు వస్తున్నాయో ముందు చెప్పాలి. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయిన ఏడాది గడిచాక మరో 60 ఏళ్ల వరకు హక్కులు వారసులవి. ఉన్నవ 1958లో పోయారు, 2019 జనవరి 1 నుంచి ఆయన రచనలు ఎవరైనా వేసుకోవచ్చు. శ్రీపాదవి 2022 నుంచి, నవలాకారుడు గోపీచంద్‌వి 2023 నుంచి అలాగే. 1915లో పోయిన గురజాడ సంగతి చెప్పనక్కర్లేదు. మంచిదే, పుస్తకాలు దొరుకుతున్నాయి. అయితే అనుమతి అడగాల్సిన వారసులు లేకపోయేసరికి, అచ్చయ్యే పాఠాన్ని మూలంతో సరిచూడమని పట్టుబట్టే మనిషి కూడా లేకుండా పోయాడు.

'కన్యాశుల్కం' రెండు పుస్తకాలని గుర్తుంచుకోవాలి. 1892లో విజయనగరంలో ఆడిన నాటకం 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని తిరగరాసి, బాగా పెంచి 1909లో మళ్లీ వేశారు. ఇప్పుడు అందరూ ఎరిగింది ఈ రెండో కూర్పే. గిరీశానికి చప్పట్లు ఎక్కువ పడతాయి గాని, నాటకం బరువంతా మోసేది మధురవాణి. మొదటి కూర్పు పక్కన పెట్టుకుని చదివితే ఆమె పాత్రను రచయిత ఎంత పెంచారో తెలుస్తుంది. అలాంటి పుస్తకంలో ఇది ఏ కూర్పో ఒక్క ముక్క లేదు. ఇంగ్లీషులో రాసుకున్న పీఠికలు ఎగిరిపోయాయి. వాడుక భాష గురించి ఆయన ఏమనుకున్నారో తెలిసేది అక్కడే కదా.

అంతకంటే బాధ కలిగించేది వర్ణక్రమం. గురజాడ 'యిరవై' అని, 'వొచ్చి' అని రాశారు. అది విజయనగరం నోటి మాట, తెలిసి చేసిన పని. ఈ అచ్చులో ఒక పేజీలో 'యి' ఉంటే మరో పేజీలో 'ఇ'. ఒకే పాత్ర ఒక రంగంలో 'వొచ్చి', తర్వాతి రంగంలో 'వచ్చి' అంటుంది. ఎవరో ఆలోచించి దిద్దింది కాదిది, డీటీపీ చేసినవారి, అంటే కంప్యూటర్లో టైపు కొట్టి పేజీలు కట్టినవారి చేతి అలవాటు. దిద్దాలనుకుంటే పుస్తకమంతా ఒకే తీరున దిద్ది, ఆ మాట ముందు చెప్పాలి. లేదంటే ఉన్నది ఉన్నట్టు ఉంచాలి.

1922లో వెలువడిన 'మాలపల్లి' జైల్లో రాసిన నవల. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. రామదాసు ఇల్లు, చౌదరయ్య చేతిలో సంగదాసు చావు, వెంకటదాసు తిరుగుబాటు ఇప్పటికీ గుండె పట్టేస్తాయి. తర్వాతి భాగాల్లో వేదాంత చర్చలు నిడివైనవే, ఒప్పుకుంటాను. అంతమాత్రాన కత్తెర వేసే హక్కు అచ్చువేసేవారికి లేదు. కుదిస్తే అట్టమీద 'సంక్షిప్తం' అని వేయాలి. నిషేధం దాటి వచ్చిన పుస్తకం కాబట్టి ఏ ముద్రణ పాఠమో చెప్పడం దీనికి మరీ అవసరం. పాటల్లో పాదాలు విరవకుండా వచనంలా ఒకే పేరాలో కలిపేశారు. ఎక్కడ ఆగాలో తెలియని పాటను పాడుకునేదెలా?

ఇక శ్రీపాద. 'వడ్లగింజలు'లో చదరంగం ఎత్తులు, 'గులాబీ అత్తరు'లో కోట ముందు పడిగాపులు. సంభాషణతోనే కథ నడిపించడంలో ఆయనకు సాటి కనబడరు. 'అన్నాడు', 'అంది' అని చెప్పకుండా పేజీల కొద్దీ మాటలే సాగుతాయి. ఎవరి మాట ఎక్కడ ముగిసిందో చెప్పేవి కొటేషన్ గుర్తులూ, అడ్డగీతలూ, కొత్త పేరాలే. ఈ సంపుటంలో మూసే కొటేషన్లు చాలాచోట్ల లేవు, రెండు మాటలు ఒకే పేరాలో కలిశాయి. అడిగినవాడే జవాబు చెప్పుకుంటున్నట్టుంది. మిగతా రచయితలకు ఇది చిన్న లోపం. శ్రీపాద దగ్గర కథే పోతుంది.

ఈ తప్పులు ఎక్కడ పుడతాయో పని తెలిసినవారికి తెలుసు. పాత ప్రతి చేతికి దొరకదు. ఇంటర్నెట్లో ఉన్న స్కాన్ దింపుకుంటారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లలో పేజీలు తప్పిపోయినవి, వంకరగా పడినవి చాలా ఉన్నాయి. పుట సంఖ్యలు మొదటి నుంచి చివరిదాకా లెక్కపెట్టకుండా పని మొదలుపెడితే రెండు పేజీల కథ మాయమైనా ఎవరికీ తెలియదు. ఆ బొమ్మను ఓసీఆర్‌కి, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే ప, ష, వ ఒకదానికొకటి మారతాయి. మ, య కలగాపులగమవుతాయి. ద, ధ, థ మధ్య తేడా పాత అచ్చులో సన్నని గీత, అది స్కాన్‌లో చెరిగిపోతుంది. 'అర్థం' కాస్తా 'అర్ధం' అవుతుంది. రెండూ ఉన్న మాటలే కనుక స్పెల్ చెక్ పట్టదు. 'కళ', 'కల' అంతే, 'వేళ', 'వేల' అంతే. పాత డీటీపీ పద్ధతి అయిన అను ఫాంట్లలో ఎప్పుడో చేసిన ఫైలును ఇప్పుడు అన్నిచోట్లా చెల్లే యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు చోటు తప్పుతాయి, అరసున్నలు రాలిపోతాయి. అరసున్న ఉంటే 'ఏఁడు' సంవత్సరం, లేకపోతే 'ఏడు' అంకె. 'ఏఱు' నది, 'ఏరు' అంటే ఏరడం. పద్యంలో అయితే ర, ఱ ప్రాసకు కలవవు కాబట్టి శకటరేఫను (ఱ) ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు.

దీనికి మందు కొత్తదేం కాదు. ఒకరు మూలం పైకి చదవాలి, విరామచిహ్నాలతో సహా. మరొకరు ప్రూఫులో వేలు పెట్టి చూసుకోవాలి. ప్రూఫు ఒక్కరే మౌనంగా చదివితే కథలో పడిపోతారు, కన్ను తప్పును దాటేస్తుంది. కనీసం మూడు ప్రూఫులు కావాలి. రెండోదాంట్లో దిద్దిన తప్పు పక్కనే కొత్తది పుడుతుంది, అందుకని మూడోసారి దిద్దిన పంక్తినే కాక పేరా చివరిదాకా చూడాలి. తెలుగు వికీసోర్స్‌లో జీతం లేని కార్యకర్తలు స్కాన్ పుట పక్కనే పాఠం పెట్టి, ఒకరు దిద్దితే పసుపు, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ గుర్తు పెడుతున్నారు. ధర పెట్టి అమ్మేవారికి ఆపాటి క్రమం ఉండొద్దా?

అచ్చు పని గురించి రెండు ముక్కలు. తెలుగు అక్షరానికి కింద వత్తు, పైన గుడి ఉంటాయి. 12 పాయింట్ల అక్షరానికి పంక్తి దూరం 17, 18 పాయింట్లు ఉండాలి. కాగితం మిగలాలని 14కి కుదిస్తే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. లావు పుస్తకానికి లోపలి మార్జిన్ ముప్పాతిక అంగుళానికి తగ్గితే పంక్తి మొదటి అక్షరాలు మడతలో పడతాయి. అవి చదవడానికి పుస్తకాన్ని విరిచి పట్టుకుంటాం, గమ్ బైండింగ్ కాబట్టి వీపు పగిలి కాగితాలు ఊడతాయి. 'మాలపల్లి' అంత పుస్తకానికి 16 పేజీల ఫారాలు మడిచి కుట్టిన బైండింగే నిలుస్తుంది. గ్రంథాలయంలో పదిమంది చేతులు మారే ప్రతికి అది తప్పనిసరి.

ఇది ప్రజల డబ్బుతో ముడిపడిన విషయం. రెండు రాష్ట్రాల్లోనూ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. జిల్లా గ్రంథాలయ సంస్థలు పుస్తకాలు కొనేది ఆ సొమ్ముతోనే. పాత రచనల పునర్ముద్రణలు కొనేటప్పుడు ఎంపిక సంఘాలు ఒక్క షరతు పెడితే చాలు: లోపలి అట్ట వెనక పేజీలో మొదటి ముద్రణ సంవత్సరం, ఈ పాఠం ఏ ముద్రణ నుంచి తీసుకున్నారు, ఏం మార్చారు, ఎవరు సరిచూశారు అన్న వివరాలు ఉండాలి. నాలుగు పంక్తుల అచ్చు, అదనపు ఖర్చేమీ లేదు. ఆ నాలుగు పంక్తులు రాయలేనివారు మూలం చూడలేదనే అర్థం. అలాంటి పుస్తకం కొనకూడదు.

అంతవరకు కొనే పాఠకులు దుకాణంలోనే నాలుగు నిమిషాలు వెచ్చించండి. ఆ లోపలి అట్ట వెనక చూడండి. మధ్యలో సంభాషణ ఉన్న ఒక పేజీ తీసి, తెరిచిన ప్రతి కొటేషన్ మూసిందో లేదో చూడండి. పాటో పద్యమో ఉంటే ఏ పాదానికి ఆ పాదం విడిగా వేశారో లేదో గమనించండి. పుస్తకాన్ని నడిమికి తెరిచి, మడత దగ్గరి అక్షరం కనబడుతోందా అని చూడండి. కనబడకపోతే ఎందుకు కొనడం లేదో దుకాణదారుకు చెప్పి మరీ తిరిగి ఇవ్వండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు
విజయనగరం