భాషోపాధ్యాయిని వెనుక నిలిచిన స్టాఫ్‌రూమ్‌ను కూడా గుర్తించాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం, సరిగ్గా వారానికి సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం వస్తాయి. ఆ రెండు రోజుల్లో జరిగే సభల్లో తెలుగు ఉపాధ్యాయులను వేదికపైకి పిలిచి శాలువా కప్పడం ఆనవాయితీ. ఆ గౌరవం వారికి దక్కవలసిందే. అయితే ఒక భాషోపాధ్యాయిని చేసే పని బడిలో వేళ్లూనుకోవాలంటే ఆమెతో పనిచేసే మిగతా ఉపాధ్యాయులు ఎంతగా కలిసిరావాలో ఆ సభల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. పాతపట్నం ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్న ఉపాధ్యాయుడిగా, మా కళ్ల ముందు జరిగిన విషయాన్ని మీ పత్రిక ద్వారా విద్యాశాఖ దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా బడిలో ఆరో తరగతిలో చేరే పిల్లల్లో చెప్పుకోదగినంత మంది సవర గిరిజనుల గూడేల నుంచి వచ్చి వసతి గృహంలో ఉండి చదువుకునేవారు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుతో దానికి చుట్టరికం లేదు. ఆ పిల్లలు తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవగలరు గానీ, చదివినదాని అర్థం చాలాసార్లు వారికి అందదు. మా తెలుగు మేడమ్ ఈ బడికి వచ్చిన కొత్తలోనే దీన్ని గమనించారు. పిల్లలు మందబుద్ధులని ఎవరైనా అంటే ఆమె ఊరుకునేవారు కాదు. మధ్యాహ్న భోజనం వండే సవర మహిళ దగ్గర కూర్చుని, పాఠాల్లో తరచుగా వచ్చే మాటలకు సవరలో ఏమంటారో అడిగి తెలుసుకుని, తెలుగు లిపిలో ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టారు. పాఠం చెప్పే ముందు ఆ మాటలను పిల్లల నోట పలికించి, వాటి మీదుగా తెలుగు మాటలకు తీసుకువస్తారు. పిల్లలు తమ ఇంటి కథలను ముందు తమ భాషలో చెప్పి, తరువాత తెలుగులో రాసి గోడపత్రికకు ఇస్తారు. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని పిల్లలు ఆ కథలు చదివి వినిపించడానికి ముందుకు వస్తుంటే మా అందరికీ ఎంతో సంతోషం కలిగింది.

ఇంతవరకు ఆమె ఒంటరిగా చేసిన పని. దాన్ని బడి మొత్తం తన పనిగా చేసుకున్నది ఒక స్టాఫ్ మీటింగులో. గణితంలో పదసమస్యలు ఇచ్చినప్పుడు ఈ పిల్లలు తప్పుతున్నది లెక్క దగ్గర కాదని, ‘ఒక్కొక్కరికి’, ‘మిగిలినది’, ‘కంటే ఎక్కువ’ వంటి మాటల దగ్గరని ఆమె వారి జవాబు పత్రాలు తెచ్చి నాకు చూపించారు. అప్పటి నుంచి పదసమస్యల పాఠానికి ముందు ఇద్దరం కలిసి మాటల జాబితా తయారు చేసుకుంటున్నాం. ఖ, ఘ, ధ, భ వంటి ఒత్తక్షరాల ధ్వనులు సవరలో లేవని ఆమె వివరించాక, జవాబు సరైనదైతే ఒత్తు తప్పినందుకు మార్కు కోయకూడదని సైన్సు, సోషల్ ఉపాధ్యాయులు ఒప్పుకున్నారు. హిందీ పండిట్ గారు తన లీజర్ పీరియడ్లలో గోడపత్రిక పని చూస్తున్నారు. పీఈటీ గారు ఆటల పోటీల వార్తలను పిల్లల చేతనే రాయిస్తున్నారు. వీటన్నిటికంటే నేను విలువైనదిగా భావించేది మా ప్రధానోపాధ్యాయుడి నిర్ణయం. పరీక్షల ముందు తెలుగు పీరియడ్లను, గ్రంథాలయ పీరియడ్‌ను లెక్కలకో సైన్సుకో ఇచ్చేయడం మామూలు అలవాటు. ఆ పీరియడ్లు నాకు ఇస్తానన్నా నేను తీసుకోనని చెప్పాను. ఆయన వాటిని ఎవరికీ ఇవ్వకుండా కాపాడారు.

భాషోపాధ్యాయుడికి తోడు ఎంత అవసరమో చెప్పడానికి మా ప్రాంతం కంటే మంచి నిదర్శనం లేదు. తెలుగు భాషా దినోత్సవం ఎవరి జయంతినాడు జరుపుకుంటున్నామో ఆ గిడుగు వెంకట రామమూర్తి గారు మాకు కూతవేటు దూరంలోని పర్లాకిమిడిలో 1880లో ఉపాధ్యాయుడిగా చేరారు. సవరల భాష నేర్చుకున్నారు, వారి పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు నడిపారు, పుస్తకాలు రాశారు. ఆయన సిద్ధం చేసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ప్రచురించింది. పుస్తకాల్లో, చదువుల్లో వాడుక భాష ఉండాలని ఆయన నడిపిన వ్యావహారిక భాషోద్యమం కూడా ఒక్కరి పట్టుదలతో నడిచింది కాదు. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, విజయనగరం నుంచి గురజాడ అప్పారావు, విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ఆయనతో కలిసి నడిచారు. వారిలో ఇద్దరికి తెలుగు మాతృభాష కాదన్న సంగతిని మనం మరింత గట్టిగా చెప్పుకోవాలి.

విద్యాశాఖకు నా విన్నపాలు ఇవి. జాతీయ ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి ఉపాధ్యాయులు తమ పేరును తామే నమోదు చేసుకోవాలి. తన గురించి తాను రాసుకోవడం మా మేడమ్ స్వభావానికి సరిపడదు. మేమందరం బతిమాలినా ఆమె ఒప్పుకోలేదు. రాష్ట్ర, జిల్లా స్థాయి పురస్కారాలకైనా తోటి ఉపాధ్యాయులందరూ సంతకాలు చేసి ఒకరిని ప్రతిపాదించే అవకాశం కల్పించాలి. పురస్కారం ఇచ్చేటప్పుడు ఆ పాఠశాల సిబ్బంది మొత్తాన్ని పేరుపేరునా ప్రస్తావించాలి. భాషల పీరియడ్లను ఇతర సబ్జెక్టులకు మళ్లించకూడదని స్పష్టమైన ఆదేశం ఇవ్వాలి.

మరొకటి అన్నిటికంటే తొందరగా జరగవలసినది. ఒకేచోట ఎనిమిది విద్యాసంవత్సరాలు పూర్తయిన ఉపాధ్యాయులకు బదిలీ తప్పదు. ఆ నిబంధనను నేను తప్పుపట్టడం లేదు, మా మేడమ్ వంటివారు ఇతర బడులకూ అవసరమే. కానీ వచ్చే బదిలీల్లో ఆమె వెళ్లాక ఆ పోస్టు ఖాళీగా మిగిలితే ఈ పిల్లలకు తీరని నష్టం జరుగుతుంది కనుక, సవర పిల్లలు చదివే పాఠశాలల్లో తెలుగు పోస్టులను ముందుగా భర్తీ చేయాలి. ఆమె తయారు చేసిన సవర–తెలుగు మాటల నోటుపుస్తకాన్ని సవర ఉపాధ్యాయుల చేత సరిచూపించి, సీతంపేటలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అచ్చువేయించి, ఈ ప్రాంతపు బడులన్నిటికీ బడులు తెరిచేలోగా పంపిణీ చేయాలని కోరుతున్నాను. అందుకు కావలసిన ప్రతిని శుద్ధంగా రాసి ఇవ్వడానికి మా ఉపాధ్యాయులందరం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు,
పాతపట్నం ప్రాంతం, శ్రీకాకుళం జిల్లా.