సైన్స్ మాటలు ముక్కలు చేసి చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది దేవరకొండ దగ్గర ఊరు. ఎనిమిదో తరగతి చదివే మా పాప నిన్న 'ఫోటోసింథసిస్' దగ్గర ఆగిపోయి ఏడ్చినంత పని చేసింది. కాగితం మీద ఫో-టో-సిం-థ-సిస్ అని 5 ముక్కలు రాసి, మూడోదాని కింద గీత గీసి, 'సిం' నొక్కి పలకమన్నాను, రెండోసారికే వచ్చేసింది.

తెలుగులో ఏ అక్షరం నొక్కినా మాట అర్థం మారదు, ఇంగ్లీషులో చోటు తప్పితే మాటే గుర్తుపట్టరు. ఫోటోగ్రాఫ్‌లో మొదటి ముక్క నొక్కాలి, ఫోటోగ్రఫీలో రెండోది! బై-ఆ-ల-జీ, జు-ఆ-ల-జీ లాంటివాటిలో 'లజీ'కి ముందున్న 'ఆ'.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బు అంటే మన నల్లగొండలో ముసలివాళ్లకూ తెలుసు, ఆ నీళ్లు అంత గోస పెట్టాయి. అందులో 'రో' నొక్కాలని మా పాపకు మాత్రం ఎవరూ చెప్పలేదు. సార్లు, మేడమ్‌లు కొత్త మాటను బోర్డు మీద విడగొట్టి రాసి, ఒక్కసారి చప్పట్లు కొట్టిస్తూ పలికించండి, రెండు నిమిషాల పని.

– ఒక తండ్రి, నల్లగొండ జిల్లా