చెత్త డబ్బుల సంగతి

అందరికీ నమస్కారం. మన భవనంలో చెత్త తీయించడానికి వేసుకునే డబ్బుల గురించి, ‘చెత్త పన్ను పోయింది కదా, మళ్లీ ఈ వసూలు ఏమిటి?’ అని మూడో అంతస్తువారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన విజయవాడలో 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో వచ్చిన నెలవారీ రుసుమును రద్దు చేస్తున్నట్టు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రకటించారు. మనం ఇచ్చేది కార్పొరేషన్‌కు కాదు, గడపగడపకూ వచ్చి చెత్త కిందికి దింపే మనిషికి.

అసలు చిక్కు వేరు. ఇద్దరే ఉండే ఇల్లూ, కింద టిఫిన్ కొట్టూ ఒకటే మొత్తం ఇస్తున్నాయి. పొద్దున ఏడింటికల్లా ఆ కొట్టు డ్రమ్ము ఎంగిలి విస్తళ్లతో నిండి, సాంబారు నీళ్లు మెట్ల దాకా కారుతాయి. నిన్న నా చెప్పు అందులోనే జారింది (పడలేదు లెండి). ఇళ్లకు ఒకే రేటు, కొట్లకు బకెట్ల లెక్కన పెట్టడమే సబబని నా అభిప్రాయం. కుట్టుమిషను కొట్టులో గుడ్డపీలికలే కాబట్టి వారికి తగ్గించాలి.

ఆదివారం సాయంత్రం ఆరింటికి పార్కింగ్‌లో కలుద్దాం. కొట్లవారూ తప్పక రావాలి. ఈలోగా తడి, పొడి చెత్త కలపకండి. డైపర్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి.