పనుల చిట్టా ఎందుకు మోగదంటే

సంపాదకులకు నమస్కారం.

ఫోన్ వల్ల చెడిపోతున్న పనుల గురించి ఈ పేజీలో ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. పని చెడకుండా కాపాడే చిన్న సాధనం కూడా అదే ఫోన్‌లో ఉంది: పనుల చిట్టా యాప్. వరంగల్, హనుమకొండల్లో దుకాణదారులు, అడ్తి (కమీషన్ వ్యాపారి) గుమాస్తాలు, చిన్న ఆఫీసుల వాళ్లు దీన్ని ఉత్సాహంగా వేసుకుంటారు, రెండు మూడు నెలలకు తీసేస్తారు. అడిగితే ‘టైముకు మోగలేదు’ అనో, ‘మోగింది గానీ పని కాలేదు’ అనో చెప్తారు. ఈ రెండింటికీ కారణాలు వేరు.

ముందు ఏ యాప్ అన్న మాట. ఒక్కరి పనికైతే గూగుల్ టాస్క్స్ చాలు. జీమెయిల్ ఉన్నవాళ్లకు అది ఉచితం, తేదీ పెట్టిన పని క్యాలెండర్‌లో కూడా కనిపిస్తుంది. ఒకే చిట్టాను నలుగురు చూడాలంటే మైక్రోసాఫ్ట్ టు డూ తేలిక, అదీ ఉచితమే. రంగులు, లేబుళ్లు, బోర్డులు, గ్రాఫులు ఉన్నవాటి జోలికి మొదట్లో పోవద్దు. వాటిని సర్దుకోవడమే ఒక పనైపోతుంది. పైగా సర్దినంతసేపూ ఏదో చేస్తున్నట్టే అనిపిస్తుంది.

పని కాకపోవడానికి మొదటి కారణం రాసిన తీరు. ఎనుమాముల మార్కెట్‌లో ఒక గుమాస్తా ‘మిర్చి పైసలు’ అని రాసి పెట్టుకున్నాడనుకోండి. రెండు రోజుల తర్వాత చూస్తే అందులో ఏముంది? ఇవ్వాల్సినవా, రావాల్సినవా, ఏ లాటువి? మళ్లీ తక్‌పట్టీల (సరుకు తూకం, ధర రాసిన చీటీల) కట్ట విప్పాల్సిందే. ‘లాట్ 212 రైతుకు పైసలు వేయాలి’ అని రాస్తే విప్పనక్కర్లేదు. బస్తాలెన్ని, ఖాతా ఎవరిది, స్లిప్ ఫొటో ఎవరికి పంపాలి అన్నవి కింద నోట్ గడిలో ఉంటే చాలు.

ఇక్కడ తెలుగుకే ఉన్న ఒక చిక్కు గమనించాలి. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. తెర మీద పడే నోటిఫికేషనేమో వరుస పొడవైతే తోకను కోసేస్తుంది. అంటే ‘ఇవ్వాలి’, ‘తీసుకోవాలి’, ‘ఆపాలి’ అన్న అసలు మాటే మాయమై, ఎవరిదో పేరు, ఏదో సరుకు మాత్రం మిగులుతాయి. అందుకే వరుస ఐదారు మాటలు దాటొద్దు. దాటక తప్పకపోతే క్రియను ముందుకు లాగండి: ‘ఆపాలి: బుధవారం లోడు, లారీ నంబరు మారింది’. చదవడానికి కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ పని ఆగుతుంది.

స్పెల్లింగ్ కూడా ఒక్కటే పట్టుకోవాలి. ఒకసారి ‘రశీదు’, ఇంకోసారి ‘రసీదు’, తొందరలో ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే వెతికినప్పుడు మూడింటిలో ఒక్కటే దొరుకుతుంది. తెలుగులో మాట్లాడి ఎక్కించడం గూగుల్ కీబోర్డుతో బాగానే వస్తుంది, కానీ అంకెలను కళ్లతో ఒకసారి చూసుకోండి. ‘రేపు పది గంటలకు’ అని పలికినంత మాత్రాన తేదీ దానంతట అదే పడుతుందని నమ్మొద్దు. గడియారం గుర్తు నొక్కి తేదీ, టైము రెండూ చేత్తో పెట్టాలి. టు డూలో ‘గడువు తేదీ’ వేరు, ‘గుర్తు చేయి’ వేరు. గడువు ఒక్కటే పెట్టి మోగలేదనుకునేవాళ్లు చాలామంది. అది మోగదు, గడువు దాటాక ఎర్రబడుతుంది, అంతే.

పెద్ద పనిని ఒకే వరుసగా రాయడం ఇంకో పొరపాటు. ఎరువుల దుకాణంలో ‘స్టాక్ లెక్క చూడాలి’ అన్నది నిజానికి నాలుగు పనులు. గోదాంలో యూరియా బస్తాలు లెక్కపెట్టాలి, డీఏపీ బస్తాలు విడిగా లెక్కపెట్టాలి, రిజిస్టర్‌లో చూడాలి, ఈ-పాస్ మిషన్ (ఎరువుల అమ్మకాలు నమోదు చేసే యంత్రం) చూపించే నిల్వతో పోల్చాలి. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. రెండూ కలిపి బస్తాల లెక్క రాసుకుని తర్వాత టన్నుల్లోకి మారిస్తే తేడా వచ్చి తీరుతుంది. యాప్‌లో ఒక పని కింద చిన్న మెట్లు రాసుకునే వీలు ఉన్నది ఇందుకే. లెక్క మధ్యలో గిరాకీ వచ్చి లేచినా ఎక్కడ ఆగారో తెలుస్తుంది.

ఇక నెలనెలా వచ్చే పనులు. ఆగమాగం అయ్యేది ఎక్కువగా వీటి దగ్గరే. వృత్తి పన్ను 10వ తేదీలోపు, పీఎఫ్, ఈఎస్ఐ 15లోపు. ఇవి నేరుగా ‘ప్రతి నెలా’ అని పెట్టుకోవచ్చు. జీఎస్టీ అలా కాదు. నెలవారీ రిటర్నులు వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్) గడువు 11, జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క చూపి కట్టే రిటర్న్, వాడుకలో 3బీ) గడువు 20. టర్నోవర్ 5 కోట్లలోపు ఉండి మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకున్నవాళ్లకు జీఎస్టీఆర్-1 13న, తెలంగాణలో 3బీ 22న. మధ్యలో మొదటి రెండు నెలల పన్ను మాత్రం తర్వాతి నెల 25లోపు చలానాతో కట్టాలి. దీన్ని ‘ప్రతి నెలా 25’ అని పెడితే ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ ముగిశాక జూలైలోనూ మోగుతుంది. అప్పుడు కట్టాల్సింది 3బీతో, 22నే. 25 అనుకుని కూర్చుంటే గడువు మూడు రోజుల కిందటే దాటిపోయి ఉంటుంది.

దీన్ని మూడు వరుసలుగా విడగొట్టాలి. మే 25న మొదలై మూడు నెలలకోసారి ఒకటి, జూన్ 25న మొదలై మూడు నెలలకోసారి ఇంకొకటి, జూలై 22న మొదలై మూడు నెలలకోసారి 3బీ. జీఎస్టీఆర్-1కు జూలై 13 నుంచి ఇలాగే మరో వరుస. రిపీట్ కింద ‘కస్టమ్’ నొక్కి ‘3’, ‘నెలలు’ అని ఇస్తే సరిపోతుంది. పావుగంట పని. 3బీ ఒక్క రోజు ఆలస్యమైతే 50 రూపాయలు, కట్టాల్సిన పన్నేమీ లేని నిల్ రిటర్న్ అయినా 20 రూపాయలు లేట్ ఫీజు పడుతుంది. పన్ను బాకీ ఉంటే దాని మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ వేరే.

గడువు రోజునే మోగేలా పెట్టడం కూడా తప్పే. ఆ రోజు పోర్టల్ నిదానిస్తుంది, రెండో శనివారమో నాలుగో శనివారమో అయితే బ్యాంకు మూసి ఉంటుంది, అకౌంటెంట్ ఫోన్ ఎత్తడు. పేరులో గడువు రాసి, మోగే తేదీ నాలుగు రోజులు ముందు పెట్టండి: ‘3బీ వేయాలి, గడువు 20’, మోగేది 16న. నెలాఖరు పనికి 31 పెట్టొద్దు, 31 లేని నెలల్లో ఏం చేస్తుందన్నది ఒక్కో యాప్‌ది ఒక్కో తీరు. 28 పెడితే ఏ నెలలోనైనా గొడవ లేదు. సర్కారు ఎప్పుడైనా గడువు పొడిగిస్తే రిపీట్ అయ్యే వరుసను ముట్టుకోకుండా కొత్త తేదీతో విడిగా ఒక్క వరుస రాసుకోండి. లేకపోతే తర్వాతి నెలల తేదీలన్నీ పక్కకు జరిగిపోయే ప్రమాదం ఉంది.

టు డూలో ఇంకో సంగతి. రిపీట్ పని ఈసారిదానికి టిక్ పెడితేనే వచ్చేసారిది పుడుతుంది. వృత్తి పన్ను కట్టేసి టిక్ పెట్టడం మరిచిపోతే వచ్చే నెలది రాదు, పాతదే ఎర్రగా కూర్చుంటుంది. కళ్లు ఆ ఎరుపుకు అలవాటు పడ్డాక దాన్ని ఎవరూ చూడరు.

ఏ యాప్‌కూ తెలియనిది తిథి. మేడారం జాతర రెండేళ్లకోసారి కదా అని, 2024లో జాతర మొదలైన ఫిబ్రవరి 21ని పట్టుకుని ‘ప్రతి రెండేళ్లకు’ అని పెట్టారనుకోండి. 2026 జాతర జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. ఆ యాప్ ఫిబ్రవరి 21న, అమ్మవార్లు వనప్రవేశం చేసిన మూడు వారాలకు మోగుతుంది. మొక్కుల బెల్లం, అదే ‘బంగారం’, అమ్మేవాళ్లకు, బండ్లు కిరాయికి తిప్పేవాళ్లకు అప్పుడది మోగినా ఒకటే, మోగకున్నా ఒకటే. దసరా సంగతీ అంతే: 2024లో అక్టోబర్ 12, 2025లో అక్టోబర్ 2. చాంద్రమానం ఏడాదికి దాదాపు 11 రోజులు వెనక్కి జరుగుతుంది, అధిక మాసం వచ్చిన ఏడాది ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి దసరా అక్టోబర్ 20కి వెళ్లింది. బతుకమ్మకు చీరల ఆర్డర్ పెట్టే బట్టల దుకాణం, ముహూర్తాల మీద బతికే టెంట్‌హౌస్ పండుగలకు రిపీట్ వాడనేకూడదు. పంచాంగం చేతికొచ్చాక ఆ ఏడాది తేదీలు ఒక్కొక్కటిగా ఎక్కించుకోవాలి.

అయితే కార్తెలు వేరు. అవి సూర్యుడి నడకను బట్టి వస్తాయి కాబట్టి ఇంగ్లిష్ తేదీతో దాదాపు కలిసే ఉంటాయి. రోహిణి మే 25 దగ్గర, మిరుగు (మృగశిర) జూన్ 7 లేదా 8. అందుకని విత్తనాల దుకాణాల వాళ్లు వానాకాలం పనులను ‘ప్రతి ఏటా’ అని నిశ్చింతగా పెట్టుకోవచ్చు: రోహిణికి పత్తి విత్తనాల స్టాక్ చూడాలి, మిరుగుకు వారం ముందు బిల్లు పుస్తకాలు తెప్పించాలి. ఫోన్‌కు అర్థమయ్యేది మన పెద్దల కార్తె లెక్క ఒక్కటే కావడం తమాషా.

ఇప్పుడు మొదటి ఫిర్యాదు, అసలు మోగకపోవడం. ఇది చాలాసార్లు యాప్ తప్పు కాదు, బ్యాటరీ ఆదా కోసం ఫోనే యాప్‌ను నిద్రపుచ్చుతుంది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఆ యాప్, అందులో బ్యాటరీ తెరిచి ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఎంచుకోవాలి. ‘ఆటోస్టార్ట్’ అని ఒక మీట ఉండే ఫోన్లలో దాన్ని కూడా వేయాలి. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్త యాప్ నోటిఫికేషన్ పంపాలంటే మన అనుమతి కావాలి. మొదటిసారి తెరిచినప్పుడు తొందరలో ‘వద్దు’ నొక్కి ఉంటే అది నోరెత్తదు.

పరీక్ష కూడా సరిగ్గా చేయాలి. రెండు నిమిషాల తర్వాత మోగేలా పెట్టి, మోగింది కదా అని సంతోషిస్తే లాభం లేదు. అప్పటికి ఫోన్ ఇంకా మెలకువగానే ఉంది. రాత్రి పది గంటలకు కూర్చుని, తెల్లవారి ఆరింటికి మోగేలా పెట్టి, ఛార్జర్ తీసేసి, ఫోన్‌ను ముట్టుకోకుండా పడుకోండి. ఆరింటికి మోగితే సెట్టింగ్ కుదిరినట్టు. ఏడింటికి ఫోన్ తెరవగానే టంగుమంటే కుదరనట్టు.

నలుగురు పనిచేసే చోట చిట్టాను పంచుకునేటప్పుడు దాన్ని తయారుచేయాల్సింది యజమాని ఖాతాలో. పనివాడి సొంత ఖాతాలో చేస్తే అతను మానేసిన రోజు చిట్టా కూడా అతనితోనే పోతుంది. టు డూలో చేరే లింక్ ఎవరి చేతికొచ్చినా పనిచేస్తుంది, కాబట్టి అందరూ చేరాక యాక్సెస్‌లోకి వెళ్లి ‘ఉన్న సభ్యులకే’ అని పరిమితం చేయాలి. ‘హమాలీలకు చెప్పాలి’ అని రాసి ఎవరి పేరూ పెట్టకపోతే ఇంకొకరు చెప్పారులే అని అందరూ ఊరుకుంటారు. ఒక్కో వరుసకు ఒక్క పేరే ఉండాలి. మనం చేయాల్సింది చేసేసి ఎదుటివాళ్ల దగ్గర ఆగినవాటికి ‘వాళ్ల దగ్గర’ అని వేరే చిట్టా ఉంచుకుని, ఎప్పుడు మళ్లీ అడగాలో తేదీ వేసుకుంటే వసూళ్లు చాలావరకు దారిలో పడతాయి. ఆధార్ నంబర్లు, పిన్‌లు, పాస్‌వర్డ్‌లు మాత్రం ఇందులో రాయొద్దు. తాళం వేసిన తెర మీద కూడా ఆ వరుస కనిపిస్తుంది.

యాప్ శాశ్వతం అనుకోవడానికీ లేదు. వండర్‌లిస్ట్ అనే యాప్‌ను ఎంతోమంది వాడేవాళ్లు. మైక్రోసాఫ్ట్ 2015లో దాన్ని కొని, 2020 మే 6న మూసేసింది. ఏడాదికోసారి వచ్చే గడువులు కౌంటర్ వెనక గోడ క్యాలెండర్ మీద కూడా రాసి ఉంచితే నష్టం లేదు.

చివరిగా పత్రికకు ఒక విన్నపం. ఉగాదికి మీరు పంచాంగం వేస్తారు, కొంచెం అటూ ఇటూగా అప్పుడే కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. ఆ పంచాంగం పక్కనే జీఎస్టీ, పీఎఫ్, వృత్తి పన్ను గడువులు, ఆ ఏడాది పండుగలు, ముహూర్తాలు, మార్కెట్ సెలవులు ఇంగ్లిష్ తేదీలతో నెలవారీగా ఒకే పేజీలో వేయండి. పేజీ ఎదురుగా పెట్టుకుని ఒక్క పూట కూర్చుంటే ఏడాది పనులన్నీ ఫోన్‌లోకి ఎక్కుతాయి.

– ఒక అకౌంటెంట్, హనుమకొండ