దేవరకొండ వైపు అన్నా, ఈ పోస్టు మీకోసమే

నాన్నను నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. పదకొండు రోజులు. ఇన్‌ఫ్లుయెంజా ఏ, అంటే ఫ్లూ, దాని మీద న్యుమోనియా, పైగా షుగర్. ఇప్పుడు పక్క గదిలో నిద్రపోతున్నారు. దగ్గు వినపడినప్పుడల్లా లేచి చూసొస్తున్నాను. కళ్లు మూతలు పడుతున్నా, ఇది రాయకుండా పడుకోలేను.

తమ్ముడు, మరదలు, మావారు ఎటూ ఉన్నారు, వాళ్లకు వేరే థాంక్స్ చెప్పక్కర్లేదు. నేను చెప్పుకోవాల్సింది పక్క బెడ్ దగ్గరున్న అన్నకు. దేవరకొండ వైపు పల్లె, పత్తి రైతు, తమ్ముడికి బాగాలేక తీసుకొచ్చారు. అంతే తెలుసు, పేరు కూడా అడగలేదు.

మూడో రాత్రి నాన్నకు బైపాప్ పెట్టారు, మాస్క్‌లోంచి ఊపిరికి గాలి తోసే మిషను. ఆ మాస్క్ బిగుతుకి, మొహం మీదికి తన్నుకొచ్చే గాలికి భయపడి పీకేస్తున్నారు. తీస్తే రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 84కి పడిపోతోంది. చేతులు గట్టిగా పట్టుకోవడం తప్ప నాకేం తోచలేదు. ఆ అన్న లేచొచ్చి మంచం అంచున కూర్చుని, నాన్న అరచెయ్యి తన గుండె మీద పెట్టుకున్నారు. "సారూ, నాతోని దమ్ము తీయుండ్రి. మిషిని గాలి తోస్తే తీస్కోవాలె, ఆగితే ఇడ్వాలె. గంతే." అదే మాట, మళ్లీ మళ్లీ. కాసేపటికి నాన్న చెయ్యి సడలింది. "జర పండుకో చెల్లె, నేను చూస్త" అన్నారు నాతో.

నాలుగింటికి మెలకువ వస్తే ఆయన అలాగే కూర్చుని ఉన్నారు. మందుల బిల్లు వెనక మానిటర్‌లోని అంకెలు వరుసగా రాసి పెట్టారు. 1 - 92. 1.30 - 91. 2 - 89, దాని చుట్టూ గుండ్రంగా గీత. "అప్పుడు సిస్టర్‌ను పిలిచిన, మాస్క్ సర్దింది. నిన్ను లేపలే." చదువు రాదు, అంకెలొక్కటే వచ్చు అన్నారు. మూడు రోజులు గట్టిగా నిలబడ్డదాన్ని, ఆ కాగితం పట్టుకుని బాత్‌రూంలోకి వెళ్లి చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఒకటి అనకుండా ఉండలేను. అంత వార్డుకి రాత్రి ఒక్క సిస్టరే. ఆమెను అనను, కాలు నిలవకుండా తిరిగింది. కానీ మానిటర్ చూసే పని ఒక పత్తి రైతు మీద ఎందుకు పడాలి? మొదట చూపించిన క్లినిక్‌లో నాలుగు రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లే పొడిచారు, స్వాబ్ తీయనే లేదు. వైరస్‌కి అవి పనిచేయవు కదా! ఫ్లూ మందు ఒసెల్టమివిర్, లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేసేదని ఐదో రోజు ఇక్కడ చెప్పారు. షుగర్ ఉన్న 68 ఏళ్ల మనిషికి ఏటా ఫ్లూ టీకా వేయించమని ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదు.

అన్నా, నేను మందులకని కిందికి వెళ్లొచ్చేసరికి మీ తమ్ముడి బెడ్ ఖాళీ. డిశ్చార్జ్ అయ్యారన్నారు. నంబరైనా తీసుకోలేదు. "ఆయన పత్తి ఏరించుకున్నాడో లేదో" అని నాన్న పొద్దున కూడా అడిగారు. ఆ వైపు వాళ్లెవరైనా ఇది చూస్తే దయచేసి ఆయనకు చదివి వినిపించండి.

అయ్యో, మర్చిపోయాను. కఫం తెమలడానికి నాన్న చేత రోజూ ఊపిరి ఎక్సర్‌సైజులు చేయించిన ఫిజియోథెరపీ అమ్మాయి, ఎక్స్‌రేకి వీల్‌చెయిర్ తోసిన వార్డ్‌బాయ్, ఫ్లాస్క్‌లో వేడినీళ్లకు ఒక్కరోజూ డబ్బు తీసుకోని గేటు దగ్గరి టీకొట్టు అక్క. మా మేడ మీది వాళ్లు కూడా, పదకొండు రోజులూ ఇంటి తాళం వాళ్ల దగ్గరే ఉంది.