ఆటో మోడ్ ఎందుకు వద్దంటున్నానంటే

తిరుపతి

పాపా,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు చూశాం. గోవిందరాజస్వామి గుడి వీధిలో గుండుకు గంధం పూసుకుని నిలబడిన పెద్దాయన ఫోటో మీ అమ్మకు బాగా నచ్చింది. నాకూ నచ్చింది. కానీ ఆయన తెల్ల పంచె చూడు, మురికి పట్టినట్టు బూడిద రంగులో వచ్చింది. చంద్రగిరి కోటలో చీకటి గుమ్మం ముందు నిలబడ్డ మీ పిన్ని ముఖమేమో సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది.

"నాకు సింపుల్‌గా తీయడమే ఇష్టం నాయనా, ఆటోలో పెడితే సరిపోతుంది గదా, ఆ అంకెలన్నీ ఎందుకు?" అని అడిగావు. ఆ రెండు ఫోటోలే జవాబు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు పంచె తెలీదు, గుమ్మం తెలీదు. ఎదురుగా ఏమున్నా అది మధ్యరకం బూడిద రంగనే లెక్క వేస్తుంది. తెలుపు ఎక్కువుంటే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, నలుపు ఎక్కువుంటే పెంచేస్తుంది.

నమ్మకపోతే ఒక పని చెయ్యి. నీడలో తెల్ల దుప్పటి ఒకటి, నల్ల కంబళి ఒకటి పరిచి, ఫ్రేము నిండా వచ్చేటట్టు ఆటోలో ఒక్కొక్కటీ తియ్యి. ఫ్లాష్ వెలగనివ్వకు. రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో వస్తాయి. తర్వాత మాన్యువల్‌లో, అంటే అంకెలు నువ్వే పెట్టి, తెల్లదానికి ఒకటిన్నర స్టాపు పెంచు, నల్లదానికి అంతే తగ్గించు. ఒక స్టాపు పెంచితే వెలుతురు రెండింతలు, తగ్గిస్తే సగం. తేడా నీ కళ్లతోనే చూస్తావు. ఎవరెంత చెప్పినా రాని జ్ఞానం ఇది.

మా రోజుల్లో ఫిల్ము డబ్బాలో ఒక చిన్న కాగితం వచ్చేది. ఎండకు ఎంత, మబ్బుకు ఎంత, నీడకు ఎంత అని బొమ్మలేసి ఉండేది. మంచి ఎండలో అపెర్చర్ (లెన్సు కన్ను ఎంత తెరవాలో చెప్పే అంకె, చిన్నదైతే ఎక్కువ తెరిచినట్టు) 16, ఫిల్ము స్పీడు (వెలుతురును ఫిల్ము ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే అంకె) 100 అయితే షట్టర్ 125, అంటే సెకనులో 125వ వంతు. అక్కడి నుంచి అపెర్చర్ 11కు తెరిస్తే వెలుతురు రెండింతలవుతుంది, కాబట్టి షట్టర్ 250కి పోవాలి. 8కి తెరిస్తే 500. ఈ మెట్లు ఎక్కడం, దిగడం ఎక్కాల మాదిరి నోటికి రావాలి.

ఎందుకంటే నా ఫోటో స్టూడియోకు కొండ దిగి వచ్చేవాళ్లలో పుట్టువెంట్రుకలు తీయించిన పసిపిల్లలు ఎక్కువ. ఏడుపు ఆపి అమ్మ వైపు చూసేది ఒక్క క్షణం. అప్పుడు అంకెలు ఆలోచిస్తూ కూర్చుంటే ఆ క్షణం పోతుంది. నా వేళ్లు రింగు తిప్పుతుంటే కళ్లు మాత్రం బిడ్డ మీదే ఉండేవి. నువ్వు కోరుకునే సింపుల్ అదే పాపా. ఆటోలో పెట్టినా కళ్లు బిడ్డ మీదే ఉంటాయి, నిజమే, కానీ వెలుతురు సంగతి ఇంకెవరికో అప్పజెప్పినట్టే గదా.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లను నువ్వు చూశావు. కరక్కాయ, పాలు కలిపి గుడ్డ తడపడం, ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో నానబెట్టి నల్లరంగు చేయడం, పటిక, ఉడకబెట్టడం, ఉతకడం, ఇంత తతంగం చేతికి వచ్చినవాళ్లే వెదురు కలంతో గీతను చెరపకుండా ఒక్క ఊపులో లాగేస్తారు. నీ అంకెలూ అంతే.

ఇంకో లెన్సు కొనమంటావా అని కూడా అడిగావు. వద్దు. ఫ్రాన్స్ ఫోటోగ్రాఫరు కార్టియె బ్రెసాన్ అంతటివాడు చాలావరకు 50 ఎంఎం లెన్సొకటితోనే పని చేశాడు. నీ కెమెరాలో సెన్సర్ (ఫిల్ము బదులు బొమ్మను పట్టే పలక) చిన్నది కాబట్టి 35 దగ్గరే ఆయన 50 లాంటి చూపు వస్తుంది. నీ జూమ్ లెన్సును అక్కడ పెట్టి, కదపకుండా ఉంచు. దగ్గరికి కావాలంటే నువ్వే నడువు.

దుప్పటి, కంబళి ఫోటోలు ఎడిట్ చేయకుండా పంపు. సంక్రాంతికి వచ్చినప్పుడు మధ్యాహ్నం ఎండలోనే చంద్రగిరి పోదాం. రాజమహల్ తోరణాల కింద నీడ, బయట ఎండ, ఈ రెండింటికీ మీటరు చూడకుండా ముందు నువ్వు అంకెలు చెప్పాలి. తర్వాతే కెమెరా తెరుద్దాం.

ఇట్లు,
మీ నాయన